మంచు మీద పరుగు, ఒంట్లో కుంపటి

అలాస్కాలోని ఆంకరేజ్ నగరంలో చలికాలమంతా మున్సిపాలిటీ వాళ్ళకు రోడ్ల మీది మంచు ఎత్తిపోయడమే పని. మార్చి మొదటి శనివారానికి ముందు మాత్రం లారీలతో మంచు తెప్పించి, ఊరి నడిబొడ్డున ఫోర్త్ అవెన్యూ అనే వీధిలో పోయిస్తారు. దాన్ని చదును చేసి, రెండు పక్కలా కంచె కడతారు. తెల్లవారేసరికి పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకొచ్చిన తల్లులు, మడత కుర్చీలతో తాతలు, బామ్మలు కంచె వెంట బారులు తీరతారు. ఇడిటరాడ్ అనే కుక్కబండ్ల పందేనికి అది ఆరంభ వేడుక. అసలు పందెం మర్నాడు ఆదివారం విల్లో అనే చిన్న ఊళ్ళో మొదలై, దాదాపు 1,600 కిలోమీటర్ల అవతల బేరింగ్ సముద్రం ఒడ్డున ఉన్న నోమ్ పట్నంలో ముగుస్తుంది.

హైదరాబాద్ శివారులోని మా తూంకుంట నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు సాధారణంగా ఎండాకాలంలోనే బయల్దేరతారు. అప్పటికి అలాస్కాలో ఈ సందడి అయిపోతుంది. కాస్త ముందుగా వెళ్ళి, ఆ ఒక్క శనివారం ఆ కంచె పక్కన నిలబడగలిగితే, కుక్క ఒంటి గురించి ఏ పుస్తకం చెప్పనంత అక్కడ కళ్ళారా చూడొచ్చు. ఏం చూడాలో ముందే తెలిసి ఉండాలి, అంతే.

మొదట కనిపించేది గోల. రెండేసి వరసల్లో కట్టిన కుక్కలన్నీ ఒకటే మొరుగుడు. ముందుకాళ్ళు గాల్లోకి లేపి దూకుతాయి, తాడు కొరుకుతాయి, పక్కదాని మీద పడతాయి. ఒక్కో జత దగ్గర ఒక్కో మనిషి పట్టీ పట్టుకుని వెనక్కి లాగుతూ ఉంటాడు. బండికి వెనక ఇనప కొక్కెం మంచులో దిగ్గొట్టి ఉంటుంది. ఒకటో నంబరు గౌరవంగా ఒకరి పేరిట కేటాయిస్తారు, ఆ నంబరుతో పోటీదారు ఎవరూ పరుగెత్తరు. కాబట్టి పందెం రెండో నంబరుతో మొదలవుతుంది. రెండు నిమిషాలకో బండి వదులుతారు. ముందు వెళ్ళినవాడికి కలిసొచ్చిన నిమిషాలను దారిలో తప్పనిసరి విశ్రాంతి దగ్గర సరిచేస్తారు.

లెక్క పూర్తవగానే కొక్కెం పైకి లేస్తుంది, మనుషులు చేతులు వదిలేస్తారు. అంతసేపు చెవులు చిల్లులు పడేలా మొరిగిన కుక్కలు ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి. మంచు మీద బండి రాసుకునే చప్పుడు, గోళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మొదటిసారి చూసేవాళ్ళు ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఇక్కడే. పరుగు మొదలయ్యాక ఊపిరికి వేరే పని పడింది, ఇక మొరగడానికి తీరిక లేదు. ఆ పనేమిటో కాసేపట్లో చూద్దాం.

ఆ కొక్కెం ఎందుకో ముందు చెప్పుకోవాలి. మన దగ్గర దీనికి దగ్గరి పోటీ ఎడ్ల బండలాగుడు. సూర్యాపేట జిల్లా మేళ్ళచెర్వులో శివరాత్రి జాతరకు జరిగే పందేలు చూసినవాళ్ళకు ఆ మైదానం కళ్ళ ముందు మెదులుతుంది. ఒంగోలు జాతి గిత్తల్ని పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ వయసును బట్టి విభాగాలు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. అక్కడా కుటుంబాలకు కుటుంబాలే వచ్చి తాడు పక్కన నిలబడతాయి. అక్కడి ఉత్కంఠంతా బండ కదులుతుందా లేదా అన్నదే. అలాస్కాలో ఉత్కంఠ బండి ఆగుతుందా లేదా అని.

తేడా రాపిడిది. మట్టి నేల మీద రాతి బండను ఈడ్చాలంటే దాని బరువులో సుమారు సగం బలంతో లాగాలి. టన్ను బండ అనుకుంటే రెండు ఎద్దుల మీద ఐదు వందల కిలోల లాగుడు, ఒక్కోదానికి రెండు వందల యాభై. మంచు మీద జారే బండికి అందులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. మనిషి, సామాను, బండి కలిపి రెండు వందల కిలోలుంటే, చదును నేల మీద దాన్ని లాగడానికి ఇరవై కిలోల బలం మించదు. పదహారు కుక్కలు పంచుకుంటే తలా కిలో పైచిలుకు. బండి పట్టాల కింద మంచు పైపొర, రాపిడి వేడికి నీటి పొరలా జారుడుగా మారుతుంది. చలి బాగా ముదిరి సున్నాకు ముప్ఫై నలభై డిగ్రీలు దిగువకు పోతే ఆ పొర ఏర్పడక మంచు ఇసకలా బండిని పట్టేస్తుంది. అప్పుడు కుక్కలకు నిజంగా బరువు తెలుస్తుంది.

అంటే గిత్తకు బరువు కష్టం, కుక్కకు దూరం కష్టం. గిత్త పని నిమిషాల్లో ముగుస్తుంది. కుక్క పని ఎనిమిది నుంచి పది రోజులు, గెలిచే జట్లకు. వెనకబడినవాళ్ళకు ఇంకా ఎక్కువ.

అన్ని రోజులు ఆ దేహం దేనితో నడుస్తుంది? 1997లో కెన్నెత్ హించ్‌క్లిఫ్ బృందం అలాస్కా కుక్కల మీద ఒక కొలత ప్రచురించింది. గడ్డకట్టే చలిలో మూడు రోజుల లోపు 490 కిలోమీటర్లు పరుగెత్తిన కుక్కలు రోజుకు సగటున 11,000 కిలోక్యాలరీలకు పైగా ఖర్చు చేశాయని తేలింది. ఈ కుక్కలు చూడ్డానికి భారీగా ఉండవు, ఇరవై నుంచి పాతిక కిలోలు. మన వీధికుక్క కన్నా కొంచెం పెద్దవి, అంతే. మామూలుగా ఇంట్లో తిరిగే అదే బరువు కుక్కకు వెయ్యి, పన్నెండు వందల క్యాలరీలు చాలు. అంటే పది రెట్లు. కష్టపడి పనిచేసే మనిషికి మూడు వేలు, సైకిల్ పందేల వీరులకు ఏడెనిమిది వేలు. వాళ్ళు డెబ్భై కిలోల మనుషులు.

దీన్ని వండిన అన్నంగా లెక్కేసి చూడండి. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 క్యాలరీలు. పదకొండు వేలకు ఎనిమిది కిలోల పైమాటే. పాతిక కిలోల కుక్క రోజుకు ఎనిమిది కిలోల అన్నం తిని అరిగించుకోలేదు. అందుకే బండి నడిపేవాళ్ళు కొవ్వు పెడతారు. గ్రాము పిండి పదార్థం నాలుగు క్యాలరీలిస్తే, గ్రాము కొవ్వు తొమ్మిదిస్తుంది. గడ్డకట్టిన సాల్మన్ చేప ముక్కలు, గొడ్డు మాంసం, కొవ్వు ముద్దలు, వాటితో పొడి మేత. మజిలీ చేరగానే మంచు కరిగించి వేడినీళ్ళు కాచి అందులో ఇవి వేసి జావలా పోస్తారు. నిద్ర కరువైన మనిషి తను తినకముందే చేసే పని అది. మనిషికి ఇంత కొవ్వు పెడితే వారం తిరక్కుండా కడుపు పాడవుతుంది. ఈ కుక్కలకు ఆ అరుగుదల తరతరాలుగా వచ్చింది. 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం సైబీరియా ఉత్తరాన జొఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్ళ నాటి కుక్క ఎముకను నేటి బండి కుక్కలతో పోల్చింది. రెంటిదీ ఒకే వంశం. కొవ్వును వాడుకునే జన్యువుల్లో బండి కుక్కలకు ప్రత్యేకమైన మార్పులున్నాయి, పిండి పదార్థం అరిగించే జన్యువులు మిగతా కుక్కల కన్నా తక్కువ. మన ఇళ్ళలో పెరుగన్నం తిని బతికే కుక్కలది వేరే దారి.

ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీలో పశువైద్య శాస్త్రవేత్త మైకేల్ డేవిస్ ఏళ్ళ తరబడి ఈ కుక్కల వెంటే ఉన్నాడు. ఆయన పరిశోధనకు అమెరికా రక్షణ శాఖ సంస్థ దార్పా డబ్బు పెట్టింది. సైనికుడు కూడా ఇలా అలుపెరగకుండా నడిస్తే బాగుండునన్నది వాళ్ళ ఆశ. మనిషి మారథాన్‌లో ముప్ఫై కిలోమీటర్లు దాటేసరికి కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది, కాళ్ళు సీసం పోసినట్టవుతాయి. మర్నాడు అదే పరుగు పెట్టమంటే పెట్టలేడు. కుక్కలకూ మొదటి రోజు గ్లైకోజెన్ తగ్గుతుంది, కండరాలు దెబ్బతిన్న గుర్తులు రక్తంలో కనిపిస్తాయి. వింతేమిటంటే రెండో రోజు, మూడో రోజు అదే వేగంతో అంతే దూరం పరుగెత్తిస్తూ పోయినా ఆ నిల్వ మరింత తరగదు, మళ్ళీ నిండడం మొదలవుతుంది. నాలుగైదు రోజులకు వాటి రక్త పరీక్ష, పరుగు మొదలుపెట్టకముందున్న స్థితికి దగ్గరగా వస్తుంది. ఆగి విశ్రాంతి తీసుకుని కోలుకోవడం మనకు తెలుసు. పరుగెత్తుతూనే కోలుకోవడం వీటికే చెల్లింది.

ఇంతవరకూ ఇంధనం సంగతి. నన్నడిగితే ఈ కథలో అసలు ఘట్టం ఇంధనం కాదు, పొగగొట్టం.

ఏ కండరమైనా తను కాల్చిన శక్తిలో ఐదో వంతో నాలుగో వంతో మాత్రమే పనిగా మారుస్తుంది. మిగతాదంతా వేడి. పదకొండు వేల క్యాలరీలను ఇరవై నాలుగు గంటలకు పరిస్తే సెకనుకు 530 జౌళ్ళు, అంటే 530 వాట్లు. పడుకున్న వేళలూ కలుపుకుని వచ్చిన సగటు ఇది, పరుగులో ఇంకా ఎక్కువ. తీరిగ్గా కూర్చున్న మనిషి వెలువరించే వేడి వంద వాట్లు. పాతిక కిలోల దేహం, దాని మీద రెండు పొరల బొచ్చు, లోపల రగులుతున్న కుంపటి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు, పరుగులో 40 దాటడం కొత్త కాదు. ఆ పైన ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే ప్రాణం మీదికొస్తుంది.

కాబట్టి అలాస్కా చలి ఈ కుక్కలకు శత్రువనుకుంటే పొరపాటు. చలే వాటి రేడియేటర్. సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన అవి హుషారుగా ఉంటాయి. ఎండ కాసి సున్నా దగ్గరకొస్తే వేగం తగ్గుతుంది. అనుభవమున్నవాళ్ళు అలాంటి పగలు కుక్కల్ని గడ్డి పరుపుల మీద పడుకోబెట్టి, రాత్రిపూట బండి కడతారు. శనివారం నాటి వేడుకలో ఆంకరేజ్ వీధి ఒక్కోసారి కరిగి బురదవుతుంది. ప్రేక్షకులకు హాయి. కుక్కల నాలుకలు చూడండి, ఎంత బయటికి వేలాడుతున్నాయో. మొరగడం మానేసిన ఊపిరికి పడ్డ పని ఇదే. కుక్కకు చెమట గ్రంథులు పాదాల కింద తప్ప చెప్పుకోదగ్గంత లేవు. అందుకని నిమిషానికి రెండు మూడు వందల సార్లు చిన్న ఊపిరి తీసి వదులుతూ, నాలుక, నోరు, ముక్కు లోపలి తడిని ఆవిరి చేసి వేడిని బయటికి పంపుతుంది. పరుగెత్తుతూనే తల వంచి దారి పక్క మంచు ఒక నోటినిండా కొరుక్కుంటుంది. అడుగు తప్పదు, తాడు వదులవదు. కంచె పక్కనుంచి జాగ్రత్తగా చూస్తే కనిపించే దృశ్యం ఇది, నాకు పందెం ఫలితం కన్నా ఇదే ముచ్చట.

ఒళ్ళు ఇలా మండుతుంటే, పాదాలు మాత్రం గంటల తరబడి మంచులోనే. అవెందుకు గడ్డకట్టవు? 2011లో జపాన్ పరిశోధకులు కుక్క పాదాల కింది మెత్తలను సూక్ష్మదర్శినితో పరిశీలించి చెప్పిన జవాబు ఇది. గుండె నుంచి వేడి రక్తం తెచ్చే ధమనులు, పాదం నుంచి చల్లబడ్డ రక్తం తీసుకెళ్ళే సిరలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. వెళ్ళే రక్తం తన వేడిని వచ్చే రక్తానికి అందిస్తుంది. పాదం గడ్డకట్టనంత వెచ్చగా ఉంటుంది, చల్లటి రక్తం గుండెకు చేరదు. పెంగ్విన్ కాళ్ళలోనూ ఇదే ఏర్పాటు. పందెం కుక్కలకు తొడిగే రంగు రంగుల బట్ట జోళ్ళు చలి కోసం అనుకుంటారు పిల్లలు. వేళ్ళ సందుల్లో మంచు ఉండలు కట్టకుండా, గరుకు మంచు మెత్తల్ని కోసెయ్యకుండా అవి.

ఇప్పుడు ఒంగోలు గిత్తను పక్కన పెట్టి చూస్తే ప్రకృతి ఎలా లెక్కలు వేస్తుందో తెలుస్తుంది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పొట్టి వెంట్రుకలు, కింద నల్లటి చర్మం, మెడ కింద వేలాడే గంగడోలు, వీపు మీద మూపురం. ఒంటి బరువుకు మించిన చర్మం వైశాల్యం, యూరప్ జాతుల కన్నా ఎక్కువ చెమట గ్రంథులు. వేడిని బయటికి తోసెయ్యడానికే పుట్టిన దేహం. బ్రెజిల్ వాళ్ళు మన నెల్లూరు, ఒంగోలు పశువుల్ని ఓడలెక్కించుకుపోయి నెలోర్ పేరుతో దేశమంతా పెంచుకున్నది ఇందుకే. మంచు బండి లాగే సైబీరియన్ హస్కీది దీనికి సరిగ్గా తలకిందుల కొలత. లోపలి మెత్తటి నూగు వేడిని బయటికి పోనివ్వదు, పైన గరుకు బొచ్చు గాలిని లోపలికి రానివ్వదు. పడుకుంటే తోకను ముక్కు మీద కప్పుకుంటుంది.

ఆ హస్కీ ఇప్పుడు తూంకుంటలో ఉంది.

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్తుంటే ఎడాపెడా కొత్త కాలనీలు, విల్లాలు. తెల్లవారుజామున నడకకు వెళ్తే నీలి కళ్ళ కుక్కలు ఒకటో రెండో ఎదురు కావాల్సిందే. విదేశీ కుక్కల్ని వ్యాపారం కోసం దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం 2016లో ఆపేసింది. ఇక్కడే పుట్టిన పిల్లలకు అది అడ్డం రాలేదు. మా వీధిలో ఒకాయన తన హస్కీని తాడుతో నడిపిస్తుంటాడు. నడిపిస్తుంటాడని ఆయన అంటాడు గానీ, చూసేవాళ్ళకు వేరేగా కనిపిస్తుంది. ఓ రోజు పాలప్యాకెట్ల కోసం వచ్చిన పిల్లవాడు ఆగి అడిగాడు:

"అంకుల్, ఇది మంచుల బండి గుంజుతదంట, నిజమేనా?"

"బండి సంగతి ఏమో గని బిడ్డా, దినాం నన్నైతే గుంజుతుంది" అన్నాడాయన, చెప్పు జారకుండా కాలు బిగబట్టి.

అది చెడ్డ అలవాటు కాదు, దాని పుట్టుక. మెడకు పట్టీ కట్టి వెనక్కి లాగితే మామూలు కుక్క ఆగుతుంది, హస్కీ ఇంకా ముందుకు వంగుతుంది.

మరి మే నెలలో? నీడలోనే 42 డిగ్రీలున్న మధ్యాహ్నం, కుక్క ఒంటి కన్నా గాలే వేడి. గాలికి వేడి ఇవ్వడమనే దారి మూసుకుపోయింది, పైగా గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. మిగిలింది నాలుక ఒక్కటే. లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. అలాస్కా పరుగులో పుట్టే వేడిని కేవలం ఆవిరితోనే పంపాలంటే ఆ కుక్క రోజుకు పదిహేను లీటర్ల నీళ్ళు నాలుక మీంచి ఆవిరి చెయ్యాలి. ఇక్కడ అది అంత పరుగెత్తదు కాబట్టి బతుకుతోంది. అయినా చెరువు మీది గాలితో ఉక్కపోసే జూన్ సాయంత్రాల్లో, తొలకరి ముందు, తేమ ఎక్కువై ఆవిరి కూడా సరిగా ఎగరదు. పశువైద్యుల దగ్గరికి వడదెబ్బ కుక్కలు వచ్చేది ఎండ మండే రోజుల్లోనే కాదు, ఇలాంటి రోజుల్లోనూ.

బొచ్చు గొరిగించేద్దామా అని చాలామంది అడుగుతారు. గొరిగించకూడదు. పై బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. రాలే లోపలి నూగును దువ్వి తీస్తే చాలు. నడక సూర్యోదయానికి ముందే. గాలి 40 డిగ్రీలుంటే తారు రోడ్డు 55, 60కి చేరుతుంది. మంచులో గడ్డకట్టని ఆ పాదాలకు కాలే తారు మీద ఏ రక్షణా లేదు. చేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దింపొద్దు. రొప్పు ఆగకుండా సాగుతూ, చొంగ చిక్కబడి, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కి, కాళ్ళు తడబడితే ఇంటి వైద్యం చూసుకుంటూ కూర్చోకుండా మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడుపుతూ, ఫ్యాన్ పెట్టి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఏసీ గది ఉన్నవాళ్ళు కుక్క కోసం ఏసీ వేస్తే ఊళ్ళో నవ్వుతారు. నవ్వనివ్వండి. అయితే ఆ ఖర్చు, ఆ శ్రమ లెక్కేసుకున్నాకే కుక్కను తెచ్చుకోవాలి. ముచ్చటైన కళ్ళు చూసి తెచ్చుకుని మే నెలలో మేడ మీద కట్టేసే ఇళ్ళు నేను చూశాను. దానికి క్షమాపణ లేదు.

ఈ పందేనికీ తూంకుంటకూ ఇంకో బంధుత్వం ఉంది, దాన్ని కుక్కల్లో వెతకనక్కర్లేదు. 1925 జనవరిలో నోమ్ పట్నంలో పిల్లలకు కంఠసర్పి సోకింది. మనం డిఫ్తీరియా అంటాం. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు, ఆ క్రిమి వదిలే విషం గుండెను దెబ్బతీస్తుంది. ఊళ్ళో ఒకే ఒక్క డాక్టరు కర్టిస్ వెల్చ్. ఆయన దగ్గరున్న ప్రతివిషం మందుకు గడువు దాటిపోయింది. రేవు గడ్డకట్టింది. మూడు లక్షల యూనిట్ల మందు ఆంకరేజ్‌లో దొరికితే, రైల్లో నెనానా దాకా తెచ్చి, అక్కణ్ణుంచి కుక్కబండ్లకు అప్పగించారు. 1,085 కిలోమీటర్ల దారి. ఇరవైమంది బండివాళ్ళు, సుమారు నూట యాభై కుక్కలు, ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ, ఐదున్నర రోజుల్లో, ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేర్చారు. చివరి మజిలీ బండికి ముందు నడిచిన బాల్టో పేరు ప్రపంచమంతా మోగింది, అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం లేచింది. అందరికన్నా ఎక్కువ దూరం, గడ్డకట్టిన సముద్రం మీదుగా పరుగెత్తింది లెన్‌హార్డ్ సెప్పాలా బండి ముందున్న టోగో. కీర్తి చివర చేరినవాడికే దక్కడం మనకు కొత్త సంగతి కాదు.

అంత తొందర ఎందుకు? ప్రతివిషం రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. కణాల్లోకి దూరిన విషాన్ని ఏమీ చెయ్యలేదు. గంట ఆలస్యమైతే గంట విషం లోపలికి పోయినట్టే. గుర్రాలకు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి వాటి రక్తరసం నుంచి ఆ మందు తీస్తారు. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాటో షిబసబురో దీనికి దారి చూపించారు, 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బేరింగ్‌కు దక్కింది.

ఆ బండివాళ్ళ భయం మందు పాడైపోతుందని. గాజు సీసాల్ని బొచ్చు చర్మాల్లో చుట్టి, మజిలీల్లో గుడిసెలోకి తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టి కాసేపు వెచ్చబరిచారు. అయినా నోమ్ చేరేసరికి మందు గడ్డకట్టే ఉంది. కరిగించి వాడారు, పనిచేసింది.

తూంకుంటకు కూతవేటు దూరంలో శామీర్‌పేట ప్రాంతమంతా జీనోమ్ వ్యాలీ. అక్కడ టీకాల ఫ్యాక్టరీలున్న సంస్థల్లో బయలాజికల్ ఇ ఒకటి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ ఐదింటికీ కలిపి వేసే పెంటావాలెంట్ టీకా తయారుచేసే కంపెనీ అది. పసిబిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేసేది అదే రకం టీకా. ఇది జబ్బు వచ్చాక ఎక్కించే ప్రతివిషం కాదు, రాకముందే ఒంటికి నేర్పే పాఠం. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఎండకు పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందని తెలిసింది తక్కువమందికి. ఇందులోని అల్యూమినియం లవణం గడ్డకడితే ముద్దలై విడిపోతుంది, కరిగించినా మళ్ళీ కలవదు. 1925 నాటి ప్రతివిషాన్ని కరిగించి వాడినట్టు దీన్ని వాడటానికి లేదు. అందుకే ఏఎన్ఎం అమ్మ అంగన్‌వాడీకి బయల్దేరేముందు ఐస్ ప్యాక్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే డబ్బాలో పెట్టదు. బల్ల మీద ఉంచుతుంది. కాసేపయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్ళు గలగలమన్నాకే టీకాల పక్కన పెడుతుంది. అనుమానమొస్తే సీసాను ఊపి, మడ్డి ఎంత త్వరగా అడుగుకు దిగుతుందో చూస్తుంది, త్వరగా దిగితే పారేస్తుంది. ఇన్ని ఉన్నా నల్లకుంట కోరంటి దవాఖానకు కంఠసర్పి పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. బూస్టర్ డోసులు ఎగ్గొట్టే ఇళ్ళు మనలో ఉన్నాయి మరి.

ఇడిటరాడ్ పందెం ఆ మందు పరుగుకు జ్ఞాపకమని చాలామంది అంటారు, అది సగం నిజం. మంచు మోటారుబండ్లు వచ్చి పల్లెల్లో కుక్కలు మాయమైపోతుంటే, ఆ సంప్రదాయం నిలబెట్టాలని జో రెడింగ్టన్ పట్టుబట్టి 1973లో నోమ్ దాకా మొదటి పందెం నడిపించాడు. అప్పుడు గెలిచినవాడికి దాదాపు ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు మామూలుగా సగం కాలం కూడా పట్టడం లేదు.

వేగం పెరిగినకొద్దీ ప్రశ్నలూ పెరిగాయి. పందేనికి ముందు ప్రతి కుక్కకూ రక్తపరీక్ష, ఈసీజీ తీస్తారు. ఇరవై నాలుగు గంటల విశ్రాంతి ఒకసారి, ఎనిమిది గంటలది రెండుసార్లు తప్పనిసరి. ప్రతి మజిలీలో పశువైద్యులుంటారు, అలసిన కుక్కను చిన్న విమానంలో వెనక్కి పంపుతారు. అయినా 2024 పందెంలో మూడు కుక్కలు చనిపోయాయి. ప్రారంభంలో వాటి ఉరకలు చూసినవాళ్ళు, ఇష్టం లేకుండా ఇలా దూకుతాయా అంటారు. నిజమే, ఉరుకు వాటికి ఇష్టం. కాకపోతే పదహారు వందల కిలోమీటర్లని వాటికి ఎవరూ చెప్పలేదు. ఎక్కడ ఆపాలో తెలియాల్సింది బండి వెనక నిలబడ్డ మనిషికి, అతనికి బహుమతి డబ్బు కూడా కనిపిస్తూ ఉంటుంది. మేళ్ళచెర్వు మైదానంలోనూ ఇదే చిక్కు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు వాతావరణంతో వచ్చింది. 2016లో ఆంకరేజ్ వీధిలో పోయడానికి ఊళ్ళో చాలినంత మంచు లేక, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి గూడ్సు రైల్లో తెప్పించారు. దారిలో మంచు చాలక అసలు ఆరంభాన్నే 2003, 2015, 2017, 2025లో ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చాల్సి వచ్చింది. 2025లో మార్చిన దారి 1,128 మైళ్ళు, పందెం చరిత్రలోనే పొడవైనది. శనివారం వీధి వేడుక చూడ్డానికి టికెట్ అక్కర్లేదు, కంచె పక్కన చోటు దొరికితే చాలు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ఆదివారం అసలు ఆరంభానికి కూడా ఉండాలనుకుంటే, విల్లోకు కారు మాట్లాడుకోకముందు ఆ ఏడాది మంచు ఎక్కడ పడిందో కనుక్కోవాలి.